క్రిస్మస్ విలేజ్ పేర్చడం: ముందు కరెంటు, తర్వాత నేల, ఆఖర్న మంచు

డాలస్‌లో ఉంటామని, పిల్లలకు ఐదేళ్లు, తొమ్మిదేళ్లు అని, క్రిస్మస్ విలేజ్‌కు, అంటే పండక్కి బల్ల మీద పేర్చే బుల్లి ఊరికి, లోపల దీపం వెలిగే బొమ్మ ఇళ్లు మీ దగ్గర ఆరు ఉన్నాయని రాశారు. గ్యారేజ్ సేల్‌లో దొరికిన డిపార్ట్‌మెంట్ 56 కంపెనీ ఇళ్లు రెండు, మైకేల్స్ షాపులో కొన్న లీమాక్స్ కంపెనీ ఇళ్లు నాలుగు. నిరుడు టీవీ స్టాండ్ మీద తెల్లబట్ట పరిచి పెడితే తీగలన్నీ బయటపడ్డాయి, ఇళ్లు ఒరిగిపోయాయి, మొత్తం చూస్తే ఊరులా కాక షాపు అరలా కనిపించింది. దీన్ని ఏటా పిల్లలతో కలిసి చేసే ఇంటి ఆనవాయితీగా ఎలా మార్చుకోవాలి అని అడిగారు.

దాదాపు అందరూ చేసే పొరపాటే ఇది అండీ. ఇళ్లు ముందు పేర్చేసి, చుట్టూ మంచు వేసి, చివర్లో ప్లగ్గులు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటారు. ఈ పని సరిగ్గా తిరగేసి చేయాలి. ముందు కరెంటు, తర్వాత నేల ఎత్తుపల్లాలు, ఆపైన ఇళ్లు, ఆ తర్వాత చెట్లు, మనుషులు, అన్నిటికన్నా ఆఖర్న మంచు. ఈ వరస పట్టుకుంటే ఆరిళ్లైనా అరవై ఇళ్లైనా ఒకే పద్ధతి.

ముందుగా మీ ఇళ్ల సంగతి. డిపార్ట్‌మెంట్ 56 మొదలైంది 1976లో, మినియాపొలిస్‌లోని బాక్‌మన్స్ అనే పూలవ్యాపార సంస్థ నుంచి. అప్పుడు వచ్చిన ఆరు ఇళ్లతోనే ‘స్నో విలేజ్’ వరస మొదలైంది. అవి సిరామిక్, పైన నిగనిగలాడే గ్లేజు ఉంటుంది. 1984లో వచ్చిన డికెన్స్ విలేజ్, ఆ తర్వాతి న్యూ ఇంగ్లండ్ విలేజ్, క్రిస్మస్ ఇన్ ద సిటీ వరసలు పోర్సిలిన్‌తో చేసినవి. వాటికి మెరుపు ఉండదు. మీ రెండు ఇళ్లు ఏ వరసవో అడుగున చూడండి, చాలావాటికి పేరు, సంవత్సరం అక్కడే ఉంటాయి. లీమాక్స్‌లో కూడా క్యాడింగ్టన్ అంటే పాత ఇంగ్లండ్ తరహా, వేల్ అంటే మంచుకొండల ఊరు, హార్వెస్ట్ క్రాసింగ్ అంటే అమెరికా చిన్న పట్నం. ఇలా వేరువేరు వరసలున్నాయి.

రెండు కంపెనీలవి కలపొచ్చా అని చాలామంది సందేహపడతారు. నిక్షేపంగా కలపొచ్చు. కాకపోతే పెట్టె మీద పేరు చూసి కాదు, తలుపు చూసి కలపాలి. రెండిళ్లు పక్కపక్కన పెట్టి తలుపుల ఎత్తు కొలవండి. తేడా పావు అంగుళం లోపు ఉంటే కంటికి తెలియదు. అంతకన్నా ఎక్కువైతే తలుపు పెద్దగా ఉన్నది ముందు వరసలోకి, చిన్నగా ఉన్నది వెనక్కి పోవాలి. దూరంగా ఉన్నది చిన్నగా కనపడటం సహజమే కాబట్టి ఆ లోపం కాస్తా లోతుగా మారుతుంది. గ్లేజు ఇంటి పక్కన మెరుపులేని ఇల్లు మాత్రం పెట్టకండి. ఎత్తు కుదిరినా వెలుగు పడగానే రెండూ వేరని తెలిసిపోతుంది, మధ్యలో నాలుగు చెట్లైనా అడ్డం ఉండాలి. మనుషుల బొమ్మలనూ అలాగే తలుపు పక్కన నిలబెట్టి చూడండి. రెండున్నర అంగుళాల మనిషి అంగుళంన్నర తలుపులోంచి ఎలా వచ్చాడా అని మీ తొమ్మిదేళ్ల బిడ్డే అడుగుతుంది. అలాంటి బొమ్మల్ని తలుపులకు దూరంగా, టేబుల్ ముందంచున పెడితే సరి.

చోటు. టీవీ స్టాండ్ వదిలేయండి, వెడల్పు చాలదు. ఇంటికి చుట్టూ ఉన్న వాకిలితో కలిపి ఒక చదరపు అడుగు లెక్క వేసుకోండి. నాలుగడుగుల మడత టేబుల్ అంటే 48 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు, ఎనిమిది చదరపు అడుగులు. ఆరు ఇళ్లకూ ఒక చెరువుకూ అది చక్కగా సరిపోతుంది. గోడకు ఆనించి పెట్టే టేబుల్ 30 అంగుళాల కన్నా వెడల్పు ఉండకూడదు. వెనక వరసలో బల్బు మాడితే చెయ్యి అందక ముందున్నవన్నీ తీయాల్సి వస్తుంది. గోడకూ టేబుల్‌కూ మధ్య నాలుగు అంగుళాలు వదలండి, తీగలు దిగేది అక్కడే. హీటర్ గాలి వచ్చే గ్రిల్ దగ్గరా, ఎండ నేరుగా పడే కిటికీ దగ్గరా వద్దు. మొదటిది పొడిమంచును, అంటే పైన చల్లే నకిలీ మంచుపొడిని, ఎగరగొడుతుంది, రెండోది రంగులు వెలిసేలా చేస్తుంది.

ఇక కరెంటు. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే తొంభై పాళ్లు తంటాలు ఇక్కడే.

మీ పాత ఇళ్లలో ఉండేది 120 వోల్టుల తీగ, స్విచ్చు, చివర ఈ12 అనే చిన్న చుట్ల హోల్డర్, దాన్లో ఐదు నుంచి ఏడు వాట్ల బల్బు. హోల్డర్‌కు ఉండే స్ప్రింగు క్లిప్పు ఇంటి వెనక గుండ్రటి కంతలో బిగుసుకుని కూర్చోవాలి. నిరుడు ఇళ్లు ఒరిగాయన్నారే, చాలావరకు కారణం ఇదే. తీగ బిరుసుగా ఉండి ఇంటిని వెనక నుంచి తోస్తుంది. తీగను కంత దాటగానే కిందికి దింపే దారి ఉంటే ఆ తోపు ఉండదు. ఆ పాత బల్బుల్ని ఈ ఏడే ఎల్‌ఈడీకి మార్చేయండి. ఈ12 హోల్డర్‌కు సరిపోయే సీ7 ఆకారం, గాజు పారదర్శకంగా కాక పాలరంగులో ఉన్నది, వెలుగు 2700 కెల్విన్ (వెచ్చటి పసుపు వెలుగు), ఒక వాటు లోపు. పారదర్శకపు గాజైతే కిటికీలోంచి వెలుగు ఒక చుక్కలా గుచ్చుకుంటుంది. ఇళ్లన్నిటికీ ఒకే పెట్టెలోని బల్బులు వాడండి. ఒక ఇల్లు పసుపుగా, పక్కిల్లు నీలంగా వెలిగితే ఊరి అందమంతా పోతుంది. పాత బల్బు వేడెక్కుతుంది కాబట్టి మంచులా పరిచే దుప్పటికీ నేలకు వాడే ఫోమ్‌కూ ఆనితే ప్రమాదం. ఎల్‌ఈడీతో ఆ బెంగ చాలావరకు తీరిపోతుంది.

లీమాక్స్ ఇళ్లలో కొన్నిటికి ఇలాంటి తీగే ఉంటుంది, కొన్ని 4.5 వోల్టుల అడాప్టర్ మీద గానీ మూడు ఏఏ బ్యాటరీల మీద గానీ నడుస్తాయి. తిరిగే చక్రాలు, స్కేటింగ్ చెరువులు కూడా ఎక్కువగా ఇంతే. ఒకే అడాప్టర్‌కు మూడు నాలుగు తగిలించాలంటే ఒక్కోదాని మిల్లీ ఆంపియర్లు కూడి, మొత్తం అడాప్టర్ మీద రాసిన దానికన్నా తక్కువ ఉందో లేదో చూసుకోండి. మించితే లైట్లు మసకబారతాయి, మోటారు ఆగి ఆగి తిరుగుతుంది, జనం బొమ్మ పాడైందనుకుని పారేస్తారు. ఒక కంపెనీ అడాప్టర్ పిన్ను ఇంకో కంపెనీ బొమ్మకు పట్టినంత మాత్రాన పెట్టకండి. వోల్టేజీ వేరుగా ఉండొచ్చు, ప్లస్ మైనస్‌లు తారుమారై ఉండొచ్చు.

వాట్లు ఎప్పుడూ సమస్య కాదు. ఏడు వాట్ల పాత బల్బులు ఇరవై పెట్టినా 140 వాట్లే. మామూలు 15 ఆంపియర్ల పవర్ స్ట్రిప్‌కు అది ఏమాత్రం బరువు కాదు. కరువంతా ప్లగ్గు కంతలకే. అడాప్టర్లు లావుగా ఉండి పక్క కంతలు మూసేస్తాయి. కంతలు దూరదూరంగా ఉన్న స్ట్రిప్ ఒకటి తీసుకోండి, యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ ముద్ర ఉన్నది. ఒక స్ట్రిప్‌లోంచి ఇంకో స్ట్రిప్, దాన్లోంచి ఎక్స్‌టెన్షన్ అంటూ గొలుసుకట్టు మాత్రం వద్దే వద్దు. స్ట్రిప్‌ను టేబుల్ కాలికి కట్టి, గోడ ప్లగ్గు దగ్గర టైమర్ పెట్టి సాయంత్రం ఐదు నుంచి పది దాకా వెలిగేలా చేయండి. కదిలే బొమ్మల్ని మాత్రం టైమర్ లేని వేరే ప్లగ్గులో పెట్టుకుని, ఎవరైనా గదిలో ఉన్నప్పుడే తిప్పండి. రోజూ ఐదు గంటలు తిరిగితే చిన్న మోటార్లు త్వరగా అరుగుతాయి. ప్రతి ప్లగ్గు మొదట్లో కాగితం టేపు చుట్టి ‘చర్చి’, ‘బేకరీ’ అని రాయండి. ఒక దీపం ఆరితే ఏది లాగాలో అప్పుడే తెలుస్తుంది.

నేలకు కావలసింది ఎక్స్‌ట్రూడెడ్ ఫోమ్. హోమ్ డిపోలో గులాబీ రంగులోనో నీలంలోనో ఉండే గట్టి ఇన్సులేషన్ పలకలు ఇవే. తెల్లటి పూసల థర్మకోల్ వద్దు, కోస్తే గదంతా పూసలే. రెండడుగులకు రెండడుగుల ముక్కలుగానూ అమ్ముతారు. రెండు అంగుళాల మందంవి రెండు తీసుకుంటే మీ టేబుల్ సరిగ్గా నిండుతుంది. అంగుళం మందంవి ఇంకో రెండు తీసుకుంటే కొండలకు సరిపోతాయి. మొత్తం ఊరు రెండు చదరాలుగా విడిపోతుంది కాబట్టి దాచడమూ తేలిక.

ముందు ఇళ్ల అడుగులు సీరియల్ డబ్బా అట్ట మీద గీసి కత్తిరించండి. పలకల మీద ఆ అట్టముక్కల్ని జరుపుతూ ఊరు ఎలా ఉండాలో తేల్చుకోండి. పిల్లలకు ఇది మహా సరదా పని, పగిలేదేమీ లేదు కాబట్టి మీరు గాబరా పడాల్సిన పనీ లేదు. చోటు ఖాయమయ్యాక ప్రతి అట్ట వెనక, క్లిప్పు కంత వచ్చే చోట, అంగుళంన్నర కంత కోయండి. అమెరికా ప్లగ్గు అడ్డంగా దూరాలంటే అంత కావాలి. పలకను తిరగేసి ఆ కంత నుంచి వెనక అంచు దాకా అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం లోతు కాలువ తీయండి. తీగ అందులో పడుకుంటుంది, పైన ఒక చెట్టు పెడితే కంత మాయం.

కోయడానికి బ్లేడు పొడుగ్గా వచ్చే కటరు, అదీ కొత్త బ్లేడు. మొద్దు బ్లేడు ఫోమ్‌ను కోయదు, చింపుతుంది. వేడి తీగ కటరు వాడితే పొగ వస్తుంది, గ్యారేజ్ తలుపు తెరిచి వాడాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. స్ప్రే పెయింటు కొట్టారంటే ఫోమ్ బొరియలు పడి కరిగిపోతుంది, దాన్లోని సాల్వెంట్ అంత పని చేస్తుంది. గోడలకు వేసే నీళ్ల పెయింటు బ్రష్‌తో వేయండి. వేడి జిగురు గన్ను ‘లో’ (తక్కువ వేడి) మీద ఉంటేనే, జిగురైతే ‘ఫోమ్‌కు వాడొచ్చు’ అని రాసి ఉన్నది మాత్రమే. కొండ ముక్కల్ని అసలు అతికించకుండా వెదురు పుల్లలతో గుచ్చి నిలబెట్టమంటాను. వచ్చే ఏడు ఊరి రూపం మార్చుకోవచ్చు, ఆ మార్పే ఈ ఆనవాయితీని బతికిస్తుంది.

బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో కొందరు ఆ మెట్లనే దీనికీ వాడతారు. ఎత్తు ఇవ్వడానికి అవి బాగా పనికొస్తాయి, అయితే మెట్టు అంచు తిన్నగా కనపడితే ఊరు పోయి కొలువే మిగులుతుంది. మెట్ల ముందు ఫోమ్‌ను వంకరటింకరగా కోసి ఆ గీత విరగ్గొట్టాలి. మీ ఆరిళ్లకు మెట్లు అక్కర్లేదు. ముందు వరస నేల మట్టం, మధ్యలో రెండంగుళాలు, వెనక ఒక మూల నాలుగంగుళాలు, ఆ మూల మీద చర్చి. అంతే.

ఇళ్లు పెట్టేటప్పుడు ఒక్కోదాన్ని టేబుల్ అంచుకు సమాంతరంగా కాక కొంచెం పక్కకు తిప్పండి. షాపు అరలా కనిపించడానికి అసలు కారణం అన్నిళ్లూ మీవైపే చూస్తూ నిలబడటం. దారి ముందు మూల నుంచి వెనక మూలకు ఐమూలగా, మెలికతో పోవాలి. ప్రతి తలుపూ దారి మీదికో వాకిట్లోకో తెరుచుకోవాలి. దారికి బూడిదరంగు ఉప్పుకాగితం, అంటే గరుకు కాగితం, మూడంగుళాల వెడల్పున కోసి వేస్తే అచ్చం రోడ్డే. చెరువుకు చిన్న అద్దం పలక, అంచులు మంచు కింద దాగేలా. ఎత్తు చెట్లు వెనక, పొట్టివి ముందు. మూడో వంతు నేల ఖాళీగా వదలండి. ఖాళీ ఉంటేనే మంచు మంచులా కనపడుతుంది, వచ్చే ఏడు కొత్త ఇంటికి చోటూ ఉంటుంది.

యేసు జననం బొమ్మల సెట్టు మీ ఇంట్లో ఉంటే దాన్ని ఊరి మధ్యలో పెట్టాలన్న ఉబలాటం వస్తుంది. సాధారణంగా ఆ బొమ్మలు ఈ ఊరి మనుషులకు రెట్టింపు ఎత్తుంటాయి. వాటికి వేరే బల్ల, వేరే పశువుల పాక ఏర్పాటు చేయడమే వాటికి గౌరవం.

మంచుకు పాలియెస్టర్ దుప్పటి, త్వరగా మంటంటుకోదని పెట్టె మీద రాసి ఉన్నది. ఆసుపత్రి దూది ఎప్పుడూ వద్దు, అది ఇట్టే అంటుకుంటుంది. దుప్పటిని ఇళ్ల కిందికి మందంగా దూర్చకండి, అడుగున వెలుగు గీత బయటికి కారుతుంది. ఇంటి అడుగు ఆకారంలో కత్తిరించి, ఇంటిని ఫోమ్ మీదే కూర్చోబెట్టి, దుప్పటి అంచును గోడ దాకా లాగండి. ఆపైన పొడిమంచు, టీ వడగట్టే జల్లెడతో పలచగా. కదిలే బొమ్మల చుట్టూ ఆరంగుళాల మేర పొడి పడకూడదు. పళ్లచక్రాల్లో దూరితే కరకరమంటూ ఆగిపోతాయి. కొందరు ఉప్పు, బేకింగ్ సోడా చల్లమంటారు, ఆ మాట వినకండి. ఉప్పు తేమ పీల్చి క్లిప్పుల్ని తుప్పు పట్టిస్తుంది, రంగునూ చెడగొడుతుంది.

రైలు పిల్లలు అడుగుతారు, కానీ ఈ ఏడు వద్దు. ఈ ఇళ్లకు ఈడైన ఆన్30 అనే సైజు బొమ్మ రైలు 18 అంగుళాల వ్యాసార్ధపు పట్టా మీద తిరగాలంటే వృత్తమే 36 అంగుళాలు, అంచులతో కలిపి 40. మీ టేబుల్ వెడల్పు 24. రైలు కావాలంటే క్రిస్మస్ చెట్టు చుట్టూ నేల మీద వేసుకోవచ్చు.

ఇంటి ఆనవాయితీ గురించి. అమెరికాలో చాలామంది థాంక్స్‌గివింగ్ మర్నాడు మొదలుపెడతారు, ఆ వారాంతం మీకూ కుదురుతుంది. శుక్రవారం టేబుల్, తీగలు, ఫోమ్. శనివారం ఇళ్లు, చెట్లు, మంచు. ఒక్కరోజులో అంతా ముగించాలనుకుంటే మంచు వేసే వేళకు పిల్లలు అలిసి అలుగుతారు. ఎవరి పని వాళ్లకు ఖాయంగా ఇచ్చేయండి. పెద్దబిడ్డ ప్లగ్గు పేర్లు చదివి, ప్రతి దీపం వెలుగుతోందో లేదో ఇంటిని పైకి ఎక్కించకముందే చూస్తుంది. చిన్నబిడ్డ మనుషుల్ని నిలబెడుతుంది, ఎక్కడ నిలబెట్టినా మీరు సవరించకూడదు. పెద్దవాళ్లు రాత్రికి రాత్రి బొమ్మలు సర్దేసిన ఊరు మూడో ఏటికి పిల్లలది కాకుండా పోతుంది. బొమ్మలు పడకుండా అడుగున శనగగింజంత మ్యూజియం పుట్టీ (మళ్లీ ఊడొచ్చే మెత్తటి జిగురు ముద్ద) చాలు.

ఏడాదికి ఒకే ఇల్లు కొనండి, ఒక ఏడు ఒక బిడ్డ, మరుసటి ఏడు రెండో బిడ్డ ఎంచుకోవాలి. డిసెంబరు 25 తర్వాత ధరలు బాగా తగ్గుతాయి, అప్పుడు కొని వచ్చే ఏడు వరకు తెరవకుండా ఉంచితే ఎదురుచూపు కూడా ఉంటుంది. రెండు కంపెనీలూ ఏటా కొన్ని ఇళ్లను రిటైర్ చేస్తాయి, ఇక తయారు చేయవు. ‘రిటైర్ అయింది’ అన్న మాటకు భయపడి వెంటనే ఎక్కువ పెట్టి కొనకండి. ఎక్కువ సంఖ్యలో చేసినవి పాత సామాన్ల షాపుల్లో తిరిగి తిరిగి కనపడుతూనే ఉంటాయి. పాతవి కొనేటప్పుడు పొగగొట్టం కొన, బోర్డు, మెట్ల అంచు వేలితో తడమండి, చెక్కులు ఊడేది అక్కడే. ఎవరు ఏ ఏడు ఎంచుకున్నారో చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి ఇంటి లోపల ఉంచండి. పెట్టె మీద మార్కర్‌తో రాయకండి, అసలు పెట్టె చెడితే ఇంటి విలువ తగ్గుతుంది.

దాచడం. తీసేముందు ఊరంతటికీ నాలుగు ఫోటోలు తీయండి, పలక వెనక కాలువలకు కూడా ఒకటి. పొడిమంచును మెత్తటి పెయింటు బ్రష్‌తో దులపండి, తడిబట్ట వద్దు. బల్బు, బ్యాటరీలు తప్పకుండా తీసేయండి. ఇంటిని తెల్ల టిష్యూలో చుట్టి దాని థర్మకోల్ అచ్చులో పెట్టాలి. న్యూస్‌పేపర్ సిరా పోర్సిలిన్‌కు అంటుతుంది. తీగను మాత్రం ఆ థర్మకోల్‌కు ఆనించి పదినెలలు ఉంచకండి. తీగ పైతొడుగులో మెత్తదనం కోసం కలిపే నూనె లాంటి పదార్థం థర్మకోల్‌లోకి దిగి దాన్ని బంకగా కరిగిస్తుంది, తీగేమో బిరుసెక్కి పగులుతుంది. పెట్టె తెరిచినప్పుడు తీగ అచ్చులోకి దిగబడి కనిపిస్తే అదే జరిగిందన్నమాట. తీగలన్నీ వేరే గుడ్డసంచిలో వేయండి. టెక్సాస్ ఎండకు అటకలో పెడితే జిగుళ్లు వదులుతాయి, ప్లాస్టిక్ చెట్లు వంగుతాయి. ఏసీ ఉన్న గదిలో అల్మారా అడుగు అరే వీటికి సరైన చోటు.

చివర్లో, ఒక ఇల్లు విజయవాడలో అమ్మానాన్నలకు పంపాలని ఉందని రాశారు. 120 వోల్టుల తీగను అక్కడి 230 వోల్టుల్లో ప్లగ్గు మార్చి పెడితే బల్బు ఆ క్షణమే పేలుతుంది, అడాప్టర్ కాలుతుంది. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటేనే అక్కడ పనిచేస్తుంది. లేకపోతే తీగ తీసేసి, కంతలోంచి పట్టే చిన్న యూఎస్‌బీ ఎల్‌ఈడీ దీపం పెట్టి పంపండి. ఫోన్ ఛార్జర్‌కు తగిలిస్తే చాలు.